సమస్య: పచ్చ చిలుక రెక్క పచ్చ గాదు

నిర్వాహకుడు: పొలంలో కుంటల దగ్గరకి చిలుకలు గుంపుగా వచ్చాయి, దిగేముందు చెట్టు మీదే కూచుని అటూ ఇటూ అనుమానంగా చూస్తుంటే ఈ పాదం దొరికింది. ఇదే చివరి పాదంగా ఆటవెలది పూరించాలి, కానివ్వండి.

గట్టుపంతులు:
చెరువు గట్టు మీద చిలుకలు వాలంగ
నీటి లోన పడిన నీడ జూచి
మాపు వేళ నల్ల మసిబారి కనిపించె
పచ్చ చిలుక రెక్క పచ్చ గాదు

యతిమిత్ర: పంతులుగారూ, ధార బాగుంది, కాదనను. కానీ 'జూచి'కి కర్త ఎవరు? కుంటలో పడిపోయినట్టున్నాడు. పైగా నల్లబడింది నీడ, అడిగింది రెక్క. ఆటవెలదికి ప్రాస, అంటే పాదాలన్నిటా రెండో అక్షరం కలవడం, అక్కర్లేదు కాబట్టి బతికిపోయారు, నిరుడు కంద పద్యంలో చెఱువుకీ తరువుకీ ప్రాస కట్టిన సంగతి మేం మర్చిపోలేదు.

గట్టుపంతులు: ఇంకా రాలేదేమా అనుకుంటున్నా. ర, ఱ కలిపిన వాళ్లు బోలెడు మంది. ముందు మీ పద్యం పెట్టండి.

యతిమిత్ర:
పసుపు చాయ లోన పవళించు నీలమ్ము
కలిసి పచ్చగాను కానుపించు
ఈక నూరి చూడ నెక్కడ పచ్చన?
పచ్చ చిలుక రెక్క పచ్చ గాదు

కల్పన కాదండీ. ఈకలో ఉన్న రంగు పసుపే, నీలం మాత్రం లోపలి సన్నటి అల్లిక మీద వెలుగు చెదిరి పుట్టేది. ఆ పసుపు కూడా తిండిలోంచి రాదు, చిలుక తన ఒంట్లోనే తయారుచేసుకుంటుంది. అది తయారవకపోతే నీలి చిలుకే.

నిర్వాహకుడు: మూడో పాదం అదిరింది!

వెన్నెలపిట్ట:
భుజము మీద చూడు పొద్దుటి ఎరుపుంది
నీట మునుగు వేళలో నిగ్గు దేలు
ఎర్ర మచ్చ చోట నీ మాట నిజమయ్యె
పచ్చ చిలుక రెక్క పచ్చ గాదు

గట్టుపంతులు: అమ్మా, నాకైతే ఇదే నచ్చింది. పెద్ద చిలుక అనే జాతికి ఆ భుజం మచ్చ ఆడా మగా రెంటికీ ఉంటుంది, మెడ పట్టీయే మగదాని సొత్తు, కాబట్టి మీ పద్యం జంట మొత్తానికీ చెల్లుతుంది. రెండో పాదంలో 'వేళలో' ర గణమై ఒక అక్షరం ఎక్కువైపోయింది, 'లో' తీసేయండి చాలు. యతిమిత్ర గారి కంట్లో ఇది పడలేదంటే చిత్రమే, ఆయనకి ఱలు తప్ప ఏవీ కనబడవు. ఆయన పద్యంలో 'పచ్చ' ఎన్నిసార్లు దొర్లిందో కూడా కనబడలేదు.

వెన్నెలపిట్ట: తీసేశా పంతులుగారూ, థాంక్స్.

యతిమిత్ర: 'పచ్చ' కావాలనే తిప్పి తిప్పి వేశాను, లేనిదాన్ని అన్నిసార్లు పిలవడమే అందులో సరదా. సరే గానీ, పంతులుగారి ఆ కందం ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి, కొత్తవాళ్లు చూడాలి.