ఇంట్లో శాకాహారులు, పక్కింటివాళ్లకు టర్కీ, ఉన్నది ఒకటే ఓవెన్: స్టఫింగ్ ఎలా చేయాలి?

ఫ్రిస్కో కోడలు

అందరికీ నమస్తే. ఈసారి థాంక్స్‌గివింగ్ (నవంబర్‌లో గురువారం వచ్చే అమెరికా పండగ) భోజనం మా ఇంట్లో. పక్కింట్లో ఒక పెద్ద జంట ఉంటారు, ఇద్దరికీ డెబ్బై దాటాయి, రెండేళ్లుగా మమ్మల్ని పిలిచి కడుపునిండా పెట్టారు. ఈ ఏడాది ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది, దాంతో ఈసారి మేం చేస్తాం మీరు రండి అని మా ఆయన మాటిచ్చేశాడు. మాట ఆయనది, వంట నాది. వాళ్ల అమ్మాయి కుటుంబం, మేము, తెనాలి నుంచి వచ్చిన అత్తయ్యగారు, మావయ్యగారు, అంతా కలిపి పదకొండు మందిమి.

టర్కీ కోడి సంగతి మా ఆయనే చూసుకుంటానని 14 పౌండ్లది తెచ్చి ఫ్రీజర్లో పెట్టాడు, దాని దెబ్బకి నా మునక్కాయ ముక్కలు, కొబ్బరి తురుము అన్నీ బయటికొచ్చాయి. దానితో తినే స్టఫింగ్, అంటే బ్రెడ్ ముక్కలు, ఉల్లిపాయలు కలిపి కోడిలో కూరి గానీ విడిగా గానీ కాల్చేది, మాత్రం నా వంతు. తినడం రెండుసార్లు తిన్నాను, చేయడం రాదు. మొన్న శనివారం శాండ్‌విచ్ బ్రెడ్ ముక్కలు కోసి, ఉల్లిపాయలు వేయించి, బ్రాత్ (కూరగాయలో మాంసమో ఉడికించిన నీళ్లు) పోసి కలిపితే పది నిమిషాల్లో రాగి సంకటిలా ముద్దయిపోయింది. గరిటె గుచ్చితే అలాగే నిలబడింది, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అసలు ఏ బ్రెడ్ తీసుకోవాలి? దీన్ని కోడి లోపల కూరాలా, విడిగా చేసుకోవచ్చా? అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు, ఆవిడ కూడా అందరితోపాటు తినాలని నా కోరిక. పైగా ఓవెన్ ఒకటే. బుధవారం రాత్రే చేసి పెట్టుకుంటే ఏమైనా అవుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

ఎడిసన్ పిన్ని

అమ్మాయ్, నీ తప్పు ఒక్కటే, బ్రెడ్ ఎండలేదు. మెత్తటి బ్రెడ్ మీద బ్రాత్ పోస్తే సంకటి కాక ఏమవుతుంది. ఇరవై ఏళ్ల కింద నాదీ అంతే, మా వారు మర్యాదకి తిన్నారు, పిల్లలు అదీ లేదు.

ఫ్రెంచ్ బ్రెడ్ గానీ పులిసిన పిండితో చేసే సావర్‌డో గానీ ఒక పౌండు తెచ్చుకో, కాస్త గట్టిగా ఉండేది. బ్రియోష్, ఖల్లా అనే బ్రెడ్లు వద్దు, వాటిలో గుడ్డు ఉంటుంది, మీ అత్తగారికి పనికిరాదు. ముప్పావు అంగుళం ముక్కలు కోసి ట్రేలో పరిచి 300 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 40, 45 నిమిషాలు పెట్టు, మధ్యలో రెండుసార్లు కదుపు. వడియాలు ఎండినట్టు లోపలిదాకా ఎండాలి. పైన గట్టిపడి మధ్యలో మెత్తగా ఉంటే ఇంకో పది నిమిషాలు. ట్రే కదిపితే గులకరాళ్ల చప్పుడు రావాలి, అప్పుడు అయిందని అర్థం.

బాణలిలో ఒక స్టిక్ (అరకప్పు) బటర్ కరిగించి రెండు పెద్ద ఉల్లిపాయలు, నాలుగు సెలరీ కాడలు సన్నగా తరిగి వెయ్యి. మనకి చెయ్యి అలవాటు కదా, ఎర్రగా వేయించేస్తాం, ఇక్కడ ఎర్రబడకూడదు, మెత్తబడి అద్దంలా అయితే చాలు, పది నిమిషాలు పడుతుంది. తర్వాత సన్నగా తరిగిన సేజ్ రెండు పెద్ద చెంచాలు, థైమ్ ఆకు ఒక చెంచా, మిరియాల పొడి, ఉప్పు. సేజ్ ఎప్పుడూ చూడకపోతే, మన వామాకులా కాస్త దళసరిగా, మీద నూగుతో ఉంటుంది, వాసన మాత్రం వేరు. దించాక కొత్తిమీరలాంటి పార్స్‌లీ గుప్పెడు.

ఇదంతా పెద్ద గిన్నెలో బ్రెడ్‌తో కలిపి, రెండున్నర కప్పుల బ్రాత్‌లో రెండు గుడ్లు గిలకొట్టి పొయ్యాలి. ఒక్కసారే గుమ్మరించకు. సగం పోసి, కలిపి, ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ పొయ్యి. ముక్క నొక్కితే లోపల తడి తగలాలి, గిన్నె అడుగున నీళ్లు నిలవకూడదు. 9 బై 13 అంగుళాల ట్రేకి బటర్ రాసి అందులో సర్ది, 350 దగ్గర ఫాయిల్ కప్పి అరగంట, ఫాయిల్ తీసి ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు. పైన కరకరలాడుతుంది, కింద మెత్తగా ఉంటుంది.

అత్తగారికి చిన్న ట్రే విడిగా చెయ్యి. అన్నీ సగం, గుడ్డు లేదు, వెజిటబుల్ బ్రాత్. గుడ్డు లేకపోతే కాస్త పొడిపొడిగా వస్తుంది, రెండు మూడు చెంచాల బ్రాత్ ఎక్కువ పోస్తే సరి. ఆ ట్రే గరిటె ఈ ట్రేలో పెట్టకు, అది నీకు చెప్పక్కర్లేదనుకో.

బోస్టన్ బావ

పిన్నిగారూ రెసిపీ బాగుంది కానీ, లోపల కూరకపోతే దాన్ని స్టఫింగ్ అనడం ఎందుకండీ? గుత్తి వంకాయ కూరలో వంకాయలు ఒక గిన్నెలో, కారం ఇంకో గిన్నెలో పెట్టినట్టుంది. కోడిలోంచి దిగే రసం అంతా బ్రెడ్ పీల్చుకుంటే వచ్చే రుచి ట్రేలో చచ్చినా రాదు. ఇక్కడ కొందరు అందులో ఆయిస్టర్లు (ఆల్చిప్పల్లోని మాంసం) కూడా వేస్తారు, అది మాత్రం నా వల్ల కాలేదు, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నీళ్లు తాగేశా.

గరిటె తిప్పేవాడు

నేను హోటల్ కిచెన్‌లో పనిచేస్తా. బోస్టన్ బావా, మీరన్న రుచి నిజమే, కాదనను. కానీ వంకాయలోంచి దిగేది వంకాయ రసం, టర్కీలోంచి దిగేది పచ్చి మాంసం నీరు. అది బ్రెడ్‌లోకి ఇంకాక ఆ బ్రెడ్ నట్టనడుమ కూడా 165 డిగ్రీల ఫారెన్‌హీట్ రావాలి, లేకపోతే సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా చావవు. స్టఫింగ్ ఉండేది సరిగ్గా కోడి మధ్యలో, వేడి అన్నిటికన్నా ఆఖర్న చేరేది అక్కడికే. దానికోసం ఆగితే ఈలోపు రొమ్ము మాంసం ఎండిపోయి పీచుపీచు అవుతుంది. అంటే ఒకటి బాగుండాలంటే ఇంకోటి పాడవ్వాలి. కూరి తీరాలనుకుంటే పౌండుకి ముప్పావు కప్పు మించకుండా, వదులుగా, ఓవెన్‌లో పెట్టేముందే కూరండి, ముందురోజు రాత్రి కూరి ఫ్రిజ్‌లో పెట్టడం మాత్రం వద్దే వద్దు. థర్మామీటర్ లేకుండా ఆ పని పెట్టుకోకండి.

ఫ్రిస్కో అమ్మాయికి: మీ ఇంట్లో శాకాహారులున్నారు కాబట్టి ఈ చర్చే అక్కర్లేదు, ట్రేలోనే చేయండి. బుధవారం రాత్రి బ్రెడ్ ఎండబెట్టి గుడ్డ కప్పి బయటే ఉంచండి, ఉల్లి సెలరీ వేయించి డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. రెండూ కలపడం, బ్రాత్ గుడ్లు పోయడం గురువారమే.

ఒకటే ఓవెన్ అన్నారు. 14 పౌండ్లది ఏమీ కూరకుండా 325 దగ్గర మూడు నుంచి మూడుముప్పావు గంటలు పడుతుంది. బయటికి తీశాక వెంటనే కోయకూడదు, ఫాయిల్ వదులుగా కప్పి అరగంట, ముప్పావుగంట వదిలేయాలి. ఆ టైమ్ మొత్తం ఓవెన్ ఖాళీనే కదా, మీ రెండు ట్రేలూ అప్పుడు పెట్టుకోండి.

అట్లాంటా తమ్ముడు

అక్కా, నువ్వుండేది టెక్సాస్, మీ పక్కింటి ఆవిడ దాన్ని స్టఫింగ్ అంటదా డ్రెస్సింగ్ అంటదా ఒకసారి అడుగు. ఇక్కడ సౌత్‌లో చాలామందికి అది డ్రెస్సింగే, మొక్కజొన్న పిండితో కాల్చే కార్న్‌బ్రెడ్‌తో చేస్తరు, కోడిలో పెట్టరు, ట్రేలోనే. ఆవిడ చిన్నప్పటినుంచి తిన్నది అదైతే ఫ్రెంచ్ బ్రెడ్ చూసి ఏమనదు కానీ, లోపల వెలితిగా ఉంటది. సగం కార్న్‌బ్రెడ్, సగం మామూలు బ్రెడ్ కలిపితే ఇద్దరికీ సరిపోతది, మేం అట్లనే చేస్తం. కార్న్‌బ్రెడ్ ముందురోజే కాల్చి చిదిమి ఆరబెట్టాలె. తీపి లేనిది చెయ్యి, ప్యాకెట్ మిక్సుల్లో చాలావాటిలో చక్కెర ఉంటది. కొన్నింటిలో పంది కొవ్వు కూడా ఉండొచ్చు, అత్తమ్మ ఉన్నరు కాబట్టి లేబుల్ చదువు. ఇంట్లో చేసే కార్న్‌బ్రెడ్‌లో గుడ్డు పడుతది, ఆమె ట్రేకి ఫ్రెంచ్ బ్రెడ్ ఒక్కటే వాడు.

ఇంకోటి, బావకి చెప్పు. టర్కీ ఆదివారమే ఫ్రీజర్లోంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టాలె, నాలుగైదు పౌండ్లకి ఒక రోజు లెక్క. లోపల కాగితం సంచిలో కందనకాయ, గుండె, మెడ పెట్టి ఉంచుతరు. మొదటి ఏడాది మేం అది తీయకుండానే కాల్చినం. కోసేటప్పుడు సంచి బయటపడ్డది, వచ్చిన గెస్టులందరూ చూసిన్రు, ఇప్పటికీ ప్రతి నవంబర్‌లో గుర్తుచేస్తరు.

హ్యూస్టన్ బ్యాచిలర్

ఇంత కష్టం అవసరమా? డబ్బాలో దొరుకుతుంది కదా, వేడి నీళ్లు, బటర్, ఐదు నిమిషాలు. పోనీ ఇంట్లోనే చేస్తే కాస్త గరం మసాలా, పచ్చిమిర్చి, కరివేపాకు వేయండి, లేకపోతే మనవాళ్లకి చప్పగా ఉంటుంది.

ఎడిసన్ పిన్ని

నాయనా, డబ్బాలో వాటికి చాలావరకు చికెన్ తగులుతుంది, వాళ్ల అత్తగారికి ఎలా పెడుతుంది? డబ్బాని నేను తక్కువ చేయను, స్టవ్ టాప్ అనే డబ్బా స్టఫింగ్ 1972లో వచ్చింది, దాన్ని తయారుచేసినవాళ్లలో రూత్ సీమ్స్ అనే ఆవిడ ఉంది, బ్రెడ్ ముక్క ఎంత సైజు ఉంటే నీళ్లు పోసినా ముద్దవదో కనిపెట్టడమే అక్కడ అసలు కిటుకు. మన ఫ్రిస్కో అమ్మాయిది ముద్దయింది మాత్రం బ్రెడ్ ఎండక.

గరం మసాలా వద్దు. ఏడాదికి ఒక్కరోజు వాళ్ల పండక్కి వాళ్ల వంట వాళ్ల రుచిలో చేసి పెడితే ఆ పెద్దావిడ ఎంత సంతోషిస్తుంది. మన వాళ్లకి చప్పగా ఉంటే పక్కన పచ్చడి పెట్టుకుంటారు. అంతగా కావాలంటే అత్తగారి ట్రేలో చిటికెడు వాము వెయ్యి, థైమ్‌లో ఉండే వాసన, వాములో ఉండే వాసన ఒకటే, థైమాల్ అంటారు, ఎబ్బెట్టుగా ఉండదు.

హ్యూస్టన్ బ్యాచిలర్

సరే పిన్నీ, మీతో వాదించలేను. అడ్రస్ పంపండి, గురువారం వచ్చేస్తా.

ఫ్రిస్కో కోడలు

అందరికీ చాలా థాంక్స్. పక్కింటి ఆవిణ్ణి అడిగా, తమ్ముడన్నదే నిజం, వాళ్లమ్మ కార్న్‌బ్రెడ్ డ్రెస్సింగే చేసేదట, చెబుతూ చెబుతూ ఆవిడ కళ్లు తుడుచుకుంది, నాకూ ఏదోలా అయింది. అందుకని పెద్ద ట్రే సగం సగం.

ఈరోజు అత్తయ్యగారి చిన్న ట్రే ట్రయల్ వేశా. బ్రెడ్ 45 నిమిషాలు పెట్టినా మధ్యలో మెత్తగా ఉంది, ఇంకో పదిహేను పట్టింది, మా ఓవెన్ నీరసంది. గులకరాళ్ల చప్పుడు వచ్చాకే ఆపాను. బ్రాత్ మూడు విడతలుగా పోశా. ఆవిడ వచ్చి గిన్నెలోకి తొంగిచూసి "ఇది బ్రెడ్ ఉప్మాయే కదే, దీనికింత హడావిడా" అన్నారు. సేజ్ ఆకు నలిపి ఇస్తే వాసన చూసి నొప్పులకి రాసుకునే బామ్‌లా ఉందన్నారు. అయినా కాల్చాక రెండుసార్లు పెట్టించుకున్నారు, మూలల్లో ట్రేకి అంటుకుని ఎర్రగా కరకరలాడే ముక్కలు చెంచాతో గీకి గీకి తిన్నారు. మావయ్యగారికి మూల దొరకలేదు, అలిగారు.

క్రాన్‌బెర్రీలు (చిన్న ఎర్ర పళ్లు) ఒక సంచి కొన్నాను సాస్ చేద్దామని. ఆవిడ అవి పుల్లగా ఉన్నాయని కనిపెట్టి ఎండుమిర్చి, మెంతులు, ఇంగువ పోపు పెట్టి పచ్చడి చేసేశారు. స్టఫింగ్ మీద అది వేసుకుంటే ఏం చెప్పను! ఇప్పుడు సాస్‌కి ఇంకో సంచి కొనాలి.

థర్మామీటర్ ఆర్డర్ పెట్టా. టర్కీ ఇప్పుడే ఫ్రిజ్‌లోకి మారింది, కాగితం సంచి సంగతి మా ఆయనకి చెప్పా, నాకు తెలుసులే అన్నాడు, మొహం చూస్తే తెలియదని తెలిసిపోయింది. ఒక్క డౌట్, మిగిలింది ఎన్నాళ్లుంటుంది?

గరిటె తిప్పేవాడు

భోంచేశాక కబుర్లలో పడి ట్రే బల్లమీదే వదిలేయకండి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. లోతు తక్కువ డబ్బాల్లో సర్దితే త్వరగా చల్లబడుతుంది. మూడు నాలుగు రోజులు బాగుంటుంది. మర్నాడు పెనం మీద కాస్త బటర్ వేసి దిబ్బరొట్టెలా నొక్కి రెండువైపులా కాల్చండి, మావయ్యగారికి మూలల గొడవ ఉండదు, అంతా కరకరే.

ఎడిసన్ పిన్ని

ఇంకో మాట, బటర్ ఉప్పు లేనిది కొను, బ్రాత్ కూడా తక్కువ ఉప్పుది. రెండింట్లోనూ ఉప్పుండి నువ్వు మళ్లీ వేస్తే ఇక దిద్దుకోలేవు. గుడ్లు కలపకముందే ఒక ముక్క నోట్లో వేసుకుని చూసుకో. ఆ క్రాన్‌బెర్రీ పచ్చడిలో మీ అత్తగారు బెల్లం వేశారా లేదా కనుక్కుని చెప్పు.