ఎయిర్ ఫిల్టర్ మార్చాక ఊడిన రబ్బరు గొట్టం ఎక్కడ తగిలించాలి?

ప్రశ్న (గుంటూరు)
అందరికీ నమస్కారం. మా పెట్రోలు కారుకు ఇంటి దగ్గరే ఎయిర్ ఫిల్టర్ మార్చినప్పటి నుంచి, యాక్సిలరేటర్ తొక్కకపోయినా రేస్ దానంతట అదే పెరుగుతూ తగ్గుతూ ఉంది, బానెట్ లోపల గాలి పీలుస్తున్నట్లు బుస్సుమనే శబ్దం వస్తోంది, ఇంజను లైటు కూడా వెలిగింది. వెతికితే వేలి లావు రబ్బరు గొట్టం ఒకటి, ఒక కొస ఇంజను పైమూతకు ఉండి, రెండో కొస ఊడి వేలాడుతోంది. దాన్ని ఎక్కడ తగిలించాలో, లేక గుడ్డతో మూసి ఆటోనగర్ వరకు నడపవచ్చో దయచేసి చెప్పగలరు.

సమాధానం (విజయవాడ)
ఆ కొసను దయచేసి మూయకండి. పిస్టన్ల పక్క నుంచి కిందికి జారిన వాయువులు బయటపడే దారి అది. మూస్తే లోపల ఒత్తిడి పెరిగి సీళ్ల దగ్గర ఆయిల్ కారవచ్చు. సాధారణంగా పైమూత నుంచి రెండు గొట్టాలు వెళ్తాయి. ఒకటి ఎయిర్ ఫిల్టర్ తర్వాతి పెద్ద పైపుకు, రెండోది పీసీవీ వాల్వ్ (ఆ వాయువులను తిరిగి ఇంజనులోకి పంపే కవాటం) మీదుగా, థ్రాటిల్ (ఇంజనులోకి వెళ్లే గాలిని తగ్గించి పెంచే మూత) దాటాక ఉండే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు (సిలిండర్లకు గాలిని పంచే భాగం) చేరుతుంది. శబ్దాన్ని బట్టి ఊడినది రెండోదని నా అభిప్రాయం, ఎందుకంటే మానిఫోల్డ్‌లోని వాక్యూమ్ ఆ ఖాళీ మూతి గుండా అదనపు గాలిని లాగితే, పెట్రోలు ఒక పాలుకు బరువులో 14.7 పాళ్ల గాలి ఉండవలసిన మిశ్రమం చెదిరి, ఇంజను కంప్యూటర్ దాన్ని సర్దలేక రేస్ నిలకడ తప్పుతుంది. ఇంజను చల్లారాక థ్రాటిల్ పరిసరాల్లో ఖాళీ మూతిని వెతకండి. గొట్టం లోపల పడిన ఒరుపు గుర్తు ఆ మూతి లావుకు సరిపోవాలి; సరిపోకపోతే అది దాని చోటు కాదు.

సమాధానం (విజయవాడ, ఆటోనగర్)
పైన చెప్పినది సరైనదే. అదే మానిఫోల్డ్ నుంచి బ్రేక్ బూస్టర్‌కు (బ్రేక్ తొక్కే బలాన్ని పెంచే భాగం) వెళ్లే గొట్టాన్ని కూడా తప్పక చూడండి, అది వదులైతే బ్రేక్ పెడల్ గట్టిపడుతుంది. ఇంజను ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి, తొక్కిపట్టి స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే బండిని రోడ్డెక్కించవద్దు.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలండి. థ్రాటిల్ వెనుక మూతి దొరికింది, పెడల్ కూడా దిగుతోంది. అయితే గొట్టం కొస పగిలి ఉంది. కోసి తొడగవచ్చునా?

సమాధానం (విజయవాడ)
పొడవు చాలితే పగిలినంత మేర తిన్నగా కోసి, మూతి మీది గట్టు దాటేలా తొడిగి, క్లిప్పును ఆ గట్టుకు లోపలివైపు బిగించండి. అయితే మన ఎండలకు, ఇంజను వేడికి రబ్బరు గట్టిపడిపోయి ఉంటే మిగతా భాగమూ త్వరలోనే పగులుతుంది కనుక కొత్తది వేయడమే మేలు. నీళ్ల గొట్టం ముక్క మాత్రం వేయవద్దు, ఆయిల్ ఆవిరికి అది ఉబ్బి మెత్తబడవచ్చు. ఇంజను లైటు కొంతకాలం నడిపాక దానంతట అదే ఆరిపోవచ్చు. ఆరకపోతే స్కానర్‌తో కోడ్ చూపించండి.