పాత పిన్‌బాల్ టేబుళ్లు స్క్రీన్ మీద ఎంత నిజంగా ఆడుతున్నాయి? మీ అనుభవాలు రాయండి

ఎడమ ఫ్లిప్పర్

విండోస్ ఎక్స్‌పీలోని స్పేస్ క్యాడెట్‌తో పిన్‌బాల్ అలవాటైన వాళ్లలో నేనూ ఉన్నాను. అది కంప్యూటర్ కోసమే పుట్టిన టేబుల్, దాని వెనక నిజం యంత్రం ఏదీ లేదు. ఈ మధ్య 1980, 90లలో విలియమ్స్, బాలీ పేర్లతో వచ్చిన అసలు యంత్రాల డిజిటల్ రూపాల మీద మనసు పడింది. పిన్‌బాల్ ఎఫ్ఎక్స్ అనే ఆటలో మిడీవల్ మ్యాడ్‌నెస్, అటాక్ ఫ్రమ్ మార్స్ టేబుళ్లు ఆడుతున్నాను. రూల్స్ వంటబట్టాయి, గురి మాత్రం కుదరడం లేదు.

నిజం యంత్రాల మీద చేయి తిరిగినవాళ్లు ఇక్కడ ఉన్నారు కదా. ఇవి అసలుకి ఎంత దగ్గరగా ఉన్నాయి? ఏ టేబుల్ బాగా వచ్చింది, ఏది రాలేదు? విజువల్ పిన్‌బాల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌కి మారితే తేడా తెలుస్తుందా? గ్రాఫిక్స్ సంగతి పక్కన పెట్టి బాల్ ఎలా కదులుతుందో చెప్పండి.

పాత యంత్రం

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. యంత్రానికి మెదడు ఒకటి, ఒళ్లు ఒకటి.

మెదడు సంగతి నిశ్చింతగా ఉండొచ్చు. 1970ల చివర్లో పిన్‌బాల్ ఎలక్ట్రానిక్ అయినప్పటి నుంచి రూల్స్, స్కోరు, లైట్లు అన్నీ రోమ్ చిప్పుల్లోని ప్రోగ్రామ్ చూసుకుంటోంది. విజువల్ పిన్‌బాల్‌తో కలిసి పనిచేసే పిన్‌మేమ్ ఆ ప్రోగ్రామ్‌నే మన కంప్యూటర్‌లో నడుపుతుంది. 90ల టేబుల్ పెడితే 128×32 చుక్కల డిస్‌ప్లే మీద కనిపించేదంతా అసలు యంత్రంలో కనిపించేదే. ఆపరేటర్ మెనూ తెరుచుకుంటుంది, స్విచ్ టెస్టులూ పనిచేస్తాయి. నేను యంత్రాలు బాగుచేస్తుంటాను. ఒక స్విచ్ చచ్చిపోతే ప్రోగ్రామ్ ఆటని ఎలా సర్దుతుందో ముందు ఎమ్యులేషన్‌లో చూసుకుని, తర్వాత యంత్రం మూత తీసిన సందర్భాలున్నాయి.

ఒళ్లు సంగతి వేరు. దాదాపు 80 గ్రాముల బరువు, 27 మిల్లీమీటర్ల అడ్డకొలత ఉన్న ఉక్కు బాల్, ఆరున్నర డిగ్రీల వాలు, రబ్బర్లు, కాయిళ్లు. ఇవన్నీ ఎవరో లెక్కకట్టి రాసినవే. అన్నిటికంటే కష్టం ఫ్లిప్పర్, అంటే బటన్ నొక్కితే లేచి బాల్‌ని కొట్టే చిన్న తెడ్డు. అసలు ఫ్లిప్పర్ కాయిల్‌లో రెండు చుట్లు ఉంటాయి. బలమైన చుట్టు దాన్ని పైకి విసురుతుంది, చివరికి చేరగానే బలహీనమైన చుట్టు పట్టి ఉంచుతుంది. వేగంగా వస్తున్న బాల్ సరిగ్గా ఆ చివరి క్షణంలో తగిలితే దాని వేగమంతా ఫ్లిప్పర్ మింగేస్తుంది, బాల్ అక్కడే ఆగిపోతుంది. దాన్నే లైవ్ క్యాచ్ అంటాం. పాత డిజిటల్ ఆటల్లో ఫ్లిప్పర్ కింద ఉండేది, మరుక్షణం పైన ఉండేది. ఆ రెండిటి మధ్య ఏమీ జరిగేది కాదు. ఇప్పుడు విజువల్ పిన్‌బాల్‌లో మంచి టేబుళ్లకి ఫ్లిప్పర్ ప్రవర్తన కోసమే ప్రత్యేకంగా స్క్రిప్టులు రాస్తున్నారు. లైవ్ క్యాచ్, డెడ్ బౌన్స్ (ఫ్లిప్పర్ ఎత్తకుండా ఉంచితే బాల్ దానికి తగిలి అవతలి ఫ్లిప్పర్ వైపు ఎగరడం) రెండూ పనిచేస్తాయి. నా మటుకు నాకు ఒక టేబుల్ నమ్మదగినదో కాదో తేల్చేవి ఆ రెండే.

ఇంకొకటి. ఒకే పేరున్న రెండు నిజం యంత్రాలు పక్కపక్కన పెట్టినా ఒకేలా ఆడవు. రబ్బరు గట్టిపడితే, వ్యాక్స్ కొత్తగా వేస్తే, వెనక కాళ్లు కాస్త ఎత్తితే ఆట మారిపోతుంది. కాబట్టి "అసలుకి దగ్గర" అన్నప్పుడు ఏ అసలుకి అని అడగాల్సి వస్తుంది.

టిల్ట్ రాణి

పాత యంత్రం గారు ఫ్లిప్పర్ దగ్గర ఆపేశారు, నేను అక్కడి నుంచి అందుకుంటాను. ఆటలో సగం నడ్జ్ ఉంది. యంత్రాన్ని చేత్తో తోయడం రాని టేబుల్‌ని నేను పూర్తి టేబుల్‌గా ఒప్పుకోను.

అటాక్ ఫ్రమ్ మార్స్‌నే తీసుకోండి. మధ్యలో సాసర్ ముందున్న టార్గెట్లకి బాల్ నిటారుగా తగిలితే నిటారుగానే వెనక్కి వస్తుంది, రెండు ఫ్లిప్పర్ల మధ్య నుంచి పోతుంది. అసలు యంత్రం మీద ఆ తిరుగు బాల్ కోసం అరచేతులు ముందే సిద్ధంగా ఉంటాయి. పక్కకి చిన్నగా తోస్తే ఫ్లిప్పర్ కొసకి తగిలి బతుకుతుంది. లోపల వేలాడే గుండు తన చుట్టూ ఉన్న రింగుని తాకితే హెచ్చరిక, హద్దు దాటితే టిల్ట్, ఆ బాల్ పోయినట్టే. ఆ గుండు ఒకసారి ఊగడం మొదలుపెడితే వెంటనే ఆగదు. అందుకే తోశాక కాసేపు ఓర్చుకోవాలి. ఎంత గట్టిగా, ఎప్పుడు, మళ్లీ ఎంతసేపటికి అన్నది చేతులకే తెలుస్తుంది.

కీబోర్డ్‌లో నడ్జ్ అంటే ఒక బటన్. ప్రతిసారీ ఒకే బలం. కంట్రోలర్ స్టిక్ కొంత నయం. నిజమైన తేడా యాక్సిలరోమీటర్ పెట్టిన క్యాబినెట్‌లో వస్తుంది. పెట్టెని తోస్తే ఆ తోపు కొలతే ఆటకి వెళ్తుంది. కానీ అందులోనూ బాల్ మన ఒంటి బరువుకి కదిలినట్టు పూర్తిగా అనిపించదు. ఈ విషయంలో డిజిటల్ ఇంకా చాలా దూరం రావాలి.

నిలువు తెర

ఎడమ ఫ్లిప్పర్ గారూ, గురి కుదరడం లేదంటే ముందు అనుమానించాల్సింది ల్యాగ్‌ని, అంటే బటన్ నొక్కడానికీ తెర మీద కనిపించడానికీ మధ్య ఆలస్యాన్ని. చిన్న పరీక్ష చెబుతాను. కుడి ఫ్లిప్పర్‌తో కొట్టినవి అనుకున్నదానికంటే ఎడమకి, ఎడమ ఫ్లిప్పర్‌తో కొట్టినవి కుడికి పోతున్నాయా? అయితే మీరు ఆలస్యంగా కొడుతున్నట్టు లెక్క. బాల్ ఫ్లిప్పర్ మీద కొస వైపు దొర్లుతూ ఉంటుంది, ఆలస్యమయ్యే కొద్దీ షాట్ అవతలి వైపుకి ఎక్కువగా అడ్డం తిరుగుతుంది. మీ వేలు ఆలస్యం చేయకపోయినా టీవీ చేస్తుంది.

టీవీలో గేమ్ మోడ్ పెట్టండి. మామూలు మోడ్‌లో బొమ్మకి మెరుగులు దిద్దుతూ కూర్చోవడం వల్ల పదుల మిల్లీసెకన్లు పోతాయి. 60 హెర్ట్జ్‌లో ఒక ఫ్రేమ్ అంటే దాదాపు 17 మిల్లీసెకన్లు, 120లో 8 పైచిలుకు. బ్లూటూత్ కంట్రోలర్ వదిలి వైర్ పెట్టండి. ఆట ఫ్రేముల్ని తెర వేగానికి జతచేసే వీసింక్ సెట్టింగ్ కూడా కొంత ఆలస్యం కలుపుతుంది, ఆపి చూడండి.

వీలైతే మానిటర్‌ని నిలువుగా తిప్పండి. ఆ కాలపు మామూలు ప్లేఫీల్డ్ (బాల్ తిరిగే బల్ల) వెడల్పు సుమారు 20 అంగుళాలు, పొడవు 42. అడ్డంగా ఉన్న తెర మీద అది ఇరుకైపోతుంది, లేదా కెమెరా పైకీ కిందికీ తిరుగుతుంది. కెమెరా తిరుగుతుంటే గురి కుదరడం చాలా కష్టం. నిలువుగా పెట్టి కెమెరాని కదలకుండా బిగిస్తే షాట్లు కళ్లకి అలవాటవుతాయి.

ఎడమ ఫ్లిప్పర్

గేమ్ మోడ్, వైర్ రెండూ మార్చి ఇప్పుడే ఆడి వచ్చాను. మీరు చెప్పినట్టే కుడి ఫ్లిప్పర్ షాట్లు ఎడమకి పోయేవి. ఇప్పుడు మిడీవల్ మ్యాడ్‌నెస్‌లో కోట గేటుకి నేరుగా తగులుతున్నాయి. చాలా థాంక్స్ అండీ. మానిటర్ తిప్పే స్టాండ్ వెతుక్కోవాలి.

రాత్రి ఆట

నాకు బాగా నచ్చినవి రెండూ పాట్ లాలర్ డిజైన్లే. 1992 ఆడమ్స్ ఫ్యామిలీ, 1993 ట్విలైట్ జోన్. ఈ రెండూ డిజిటల్‌కి గట్టి పరీక్షలు.

ట్విలైట్ జోన్‌లో ఉక్కు బాల్స్‌తో పాటు పవర్‌బాల్ అని ఒక తెల్లటి సిరామిక్ బాల్ ఉంటుంది. ఉక్కు దానికంటే తేలిక, అయస్కాంతానికి లొంగదు. పక్కన సెన్సార్ ఉండి వచ్చింది ఉక్కా కాదా అని కనిపెడుతుంది. దాన్ని రంగు మార్చిన మామూలు బాల్‌లా ఆడనిస్తే ఆ టేబుల్ ఆత్మ పోయినట్టే. మంచి రూపాల్లో పవర్‌బాల్ నిజంగానే చురుగ్గా, అదుపు తప్పి పరిగెత్తుతుంది. అది ఫ్లిప్పర్ల దగ్గరికి వస్తుంటే నాకు ఇప్పటికీ టెన్షనే.

ఆడమ్స్ ఫ్యామిలీలో థింగ్ ఫ్లిప్స్ అని ఒక అద్భుతం ఉంది. పైనున్న చిన్న ఫ్లిప్పర్‌ని యంత్రమే సమయం చూసి కొడుతుంది, తప్పితే తన టైమింగ్‌ని తానే సరిచేసుకుంటుంది. రోమ్ ఎమ్యులేషన్‌లో నడిచేది అదే ప్రోగ్రామ్ కదా, అంటే 1992లో రాసిన కోడ్ ఇప్పుడు మన కంప్యూటర్‌లోని ఫిజిక్స్‌ని నేర్చుకుంటోందన్నమాట! ఆ నేర్చుకున్నదీ, మన హైస్కోర్లూ పిన్‌మేమ్‌లో ఎన్‌వీర్యామ్ ఫోల్డర్‌లో ఉంటాయి. అసలు యంత్రంలో బోర్డు మీది బ్యాటరీలు ఆ పని చేస్తాయి. కంప్యూటర్ మార్చేటప్పుడు ఆ ఫోల్డర్ కాపీ చేసుకోవడం మరిచిపోకండి.

ఇక నా బాధ ఒకటి. డబ్బు పెట్టి కొన్న టేబుళ్లు ఫోన్ మార్చాక ఒక యాప్‌లో తిరిగి రాలేదు. మెయిల్ పెట్టినా జవాబు లేదు. లైసెన్సుల మీద నడిచే వ్యాపారం ఇది. ద పిన్‌బాల్ ఆర్కేడ్ చేసిన ఫార్‌సైట్, 2012లో ట్విలైట్ జోన్ లైసెన్సు కోసం కిక్‌స్టార్టర్‌లో అభిమానుల దగ్గర చందాలు పోగుచేసింది. 2018 జూన్ 30 తర్వాత విలియమ్స్, బాలీ టేబుళ్లు అమ్మే హక్కే దానికి లేకుండా పోయింది. ఆ ఏడాదే హక్కులు పిన్‌బాల్ ఎఫ్ఎక్స్ తయారుచేసే జెన్ స్టూడియోస్‌కి వెళ్లాయి, అక్టోబరులో పిన్‌బాల్ ఎఫ్ఎక్స్ 3లో ఆ టేబుళ్ల మొదటి సంపుటి వచ్చింది. టేబుల్ అదే, ఇల్లు మారింది. విలియమ్స్ 1999లోనే పిన్‌బాల్ తయారీ ఆపేసింది. ఉన్న యంత్రాలు పాతబడుతూనే ఉంటాయి. మనలో చాలామందికి ఈ డిజైన్లు తెలిసేది స్క్రీన్ మీదే. అందుకే ఇవి ఎవరి లైసెన్సు తేదీతోనూ మాయం కాకూడదని గట్టిగా కోరుకుంటాను.

పాత యంత్రం

రాత్రి ఆట గారి మాటకి నా మద్దతు. అయితే రోమ్ భరోసా అన్ని టేబుళ్లకీ లేదు. 1970ల మధ్య దాకా వచ్చిన యంత్రాల్లో రోమే లేదు. రిలేలు, మోటార్లు, స్కోరు చక్రాలు, అంతే. వాటి డిజిటల్ రూపంలో రూల్స్ కూడా చేత్తో రాయాల్సిందే. శ్రద్ధ ఉన్నవాళ్లు యంత్రం సర్క్యూట్ పటం చదివి రాస్తారు. గంట ఎప్పుడు మోగాలి, స్కోరు మోటార్ తిరుగుతుండగా ఇంకో టార్గెట్ తగిలితే పాయింట్లు లెక్కకి వస్తాయా రావా, అన్నీ. అలాంటి టేబుల్ ఒకటి దొరికితే రాసినవాళ్లకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. లేనివాళ్లు ఊహించి రాస్తారు, ఆ ఊహే అసలు రూల్ అని కొత్తవాళ్లు అనుకుంటారు. నాకు దిగులు అక్కడే.

గాట్‌లీబ్ వారి 1947 హంప్టీ డంప్టీ కూడా ఆడి చూడండి. ఫ్లిప్పర్లు వచ్చిన మొదటి ఆట అదే. ఆరు ఫ్లిప్పర్లు ఉంటాయి, అన్నీ బయటి వైపుకి తిరిగి. ఇప్పటి చేతులకి తికమకగా ఉంటుంది, కానీ బాల్‌ని పైకి అంచెలంచెలుగా ఎక్కించడం ఎలా మొదలైందో తెలుస్తుంది.

కొత్త బాల్

నేను పూర్తిగా కొత్త. ఫిష్ టేల్స్ బాగుందని మొదలుపెట్టాను, ఒక్క షాటూ అందడం లేదు. వదిలేసి వేరే టేబుల్ చూసుకోనా?

టిల్ట్ రాణి

ఫిష్ టేల్స్‌లో ఫ్లిప్పర్లు మామూలు కంటే పొట్టివి తమ్ముడూ. మొదటి టేబుల్‌గా అది కష్టం. మిడీవల్ మ్యాడ్‌నెస్ తీసుకో. బ్రయాన్ ఎడ్డీ డిజైన్, షాట్లు విశాలంగా ఉంటాయి, ఏం కొట్టాలో లైట్లే చెబుతాయి. ముందు బాల్‌ని ఫ్లిప్పర్ మీద ఆపడం నేర్చుకో. ఆగిన బాల్‌ని కొట్టడం వచ్చాక ఫిష్ టేల్స్‌కి వెళ్లు.

నిలువు తెర

ఇక్కడ నేర్చుకున్నది నిజం యంత్రం మీద పనికొస్తుందా అని చాలామంది అడుగుతారు. రూల్స్, ఏ షాట్ ఎక్కడ, బాల్ ఆపి ఊపిరి పీల్చుకునే ఓర్పు, ఇవన్నీ పనికొస్తాయి. టైమింగ్ మాత్రం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. నా వరకు కొన్న ఆటలు చూడ్డానికి బాగుంటాయి, ఇన్‌స్టాల్ చేసి కూర్చోవడమే. విజువల్ పిన్‌బాల్‌కి సెట్టింగులతో కుస్తీ తప్పదు, ఉచితం కాబట్టి పోయేదేమీ లేదు. రెండూ ఉంచుకున్నాను.

ఎడమ ఫ్లిప్పర్

విజువల్ పిన్‌బాల్ ఇన్‌స్టాల్ చేశాను. స్టీవ్ రిచీ 1980 బ్లాక్ నైట్‌తో మొదలుపెడుతున్నాను, రెండంతస్తుల ప్లేఫీల్డ్ చూడాలని ఎప్పటి నుంచో కోరిక. టేబుల్ తెరుచుకుంది, లైట్లు వెలిగాయి, కానీ మ్యాగ్నా సేవ్ పనిచేయడం లేదు. ఔట్‌లేన్‌లోకి, అంటే బాల్ చేజారిపోయే అంచు దారిలోకి పోయే బాల్‌ని అయస్కాంతంతో పట్టుకునే బటన్ అది. ఏ కీ నొక్కాలి?

పాత యంత్రం

మ్యాగ్నా సేవ్ కీలు మీ దగ్గర వేరుగా మార్చి ఉండి ఉండొచ్చు. కీ సెట్టింగుల్లో మ్యాగ్నా సేవ్‌కి ఎడమ, కుడి అని విడిగా ఉంటాయి, ఫ్లిప్పర్ వేళ్ల పక్కనే అందే కీలు ఇవ్వండి. ఇంకో మాట, దాన్ని ముందు ఆటలో సంపాదించుకోవాలి. లైటు వెలగనప్పుడు నొక్కినా అయస్కాంతం పట్టదు. వెలిగాక నొక్కి చూసి చెప్పండి.