బ్లాగు రాస్తున్నా, గూగుల్లో మాత్రం కనిపించట్లేదు. ఎక్కడ చూడాలి?

రాత్రిపిట్ట

అందరికీ నమస్కారం. ఆకాశం చూడటం గురించి బ్లాగ్‌స్పాట్‌లో తెలుగులో రాస్తుంటాను. ఏ గ్రహం ఎప్పుడు కనిపిస్తుంది, చిన్న టెలిస్కోప్‌తో ఏమేం చూడొచ్చు, ఫోన్‌తో చంద్రుణ్ణి ఎలా ఫొటో తీయాలి, ఇలాంటివి. మొదలుపెట్టి ఏడాది దాటింది, పోస్టులు కూడా బాగానే పోగయ్యాయి. చదివినవాళ్లు బాగుందనే అంటున్నారు, కాకపోతే ఆ చదివేవాళ్లంతా నేను వాట్సాప్‌లో లింకు పంపినవాళ్లే. గూగుల్ నుంచి వచ్చేది రోజుకి ఒకరో ఇద్దరో, కొన్నిరోజులు అదీ లేదు. నా పోస్టు టైటిల్‌ని అక్షరం పొల్లుపోకుండా కొట్టి వెతికినా రాదు. బ్లాగు పేరు కొడితే హోమ్‌పేజీ మాత్రం వస్తుంది.

సెర్చ్ కన్సోల్‌లో (సైటు గూగుల్లో ఎలా ఉందో చూపించే గూగుల్ ఉచిత టూల్) చేర్చాను, సైట్‌మ్యాప్ (బ్లాగులోని అడ్రసుల జాబితా ఫైలు) ఇచ్చాను, సక్సెస్ అని పచ్చగా చూపిస్తోంది. ఎవరో వీడియోలో చెప్తే కీవర్డ్స్ మెటా ట్యాగ్ (పేజీ కోడ్‌లో ఉండే పదాల జాబితా) కూడా పెట్టి దాని నిండా పదాలు నింపాను. టెంప్లేట్ బ్లాగర్ ఇచ్చింది కాదు, ఫ్రీ టెంప్లేట్లు ఇచ్చే ఒక సైటు నుంచి దించుకున్నది. సొంత డొమైన్ కొంటే ఏమైనా మారుతుందా? లేక ప్రమోషన్ సరిగ్గా చేయట్లేదా? డబ్బులు పోసి చేయించుకునే ఉద్దేశం అయితే లేదు.

పాతకాపు

టైటిల్ మొత్తం కొట్టినా రావట్లేదు, హోమ్‌పేజీ మాత్రం వస్తోంది అంటున్నారు కదా, అంటే ఇది ర్యాంకు గొడవ కాదండీ, మీ పోస్టులు అసలు ఇండెక్స్‌లోనే, అంటే గూగుల్ వెతికే పేజీల జాబితాలోనే లేనట్టున్నాయి. ఆ సంగతి తేలకుండా కీవర్డులూ ప్రమోషనూ అన్నీ దండగ. సైట్‌మ్యాప్ పచ్చగా ఉందంటే గూగుల్ ఆ ఫైలు చదవగలిగిందని మాత్రమే అర్థం, అందులో ఉన్న పేజీలన్నీ తీసుకుందని కాదు.

సెర్చ్ కన్సోల్‌లో పేజెస్ అనే రిపోర్టు తెరవండి. ఏ పేజీ ఎందుకు ఇండెక్స్ కాలేదో కారణాలవారీగా ఉంటుంది. 'డిస్కవర్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' అంటే అడ్రసు తెలుసు, ఇంకా వచ్చి చూడలేదు. 'క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' అంటే వచ్చింది, చూసింది, పక్కన పెట్టేసింది, ఇది కాస్త మనసుకి కష్టం. 'బ్లాక్డ్ బై రోబోట్స్' కింద లేబుల్ పేజీలు కనిపిస్తే మాత్రం కంగారుపడకండి, బ్లాగర్ తనంతట తానే లేబుల్ పేజీల్ని ఆపేస్తుంది (అందుకే పోస్టుకి పదిహేను లేబుళ్లు తగిలించినా గూగుల్ దగ్గర ఒరిగేదేం లేదు).

నా అనుమానం మీ టెంప్లేట్ మీద. కంప్యూటర్లో ఏదైనా ఒక పోస్టు తెరిచి, పేజీ సోర్సు చూసి, అందులో కెనానికల్ అన్న మాట కోసం వెతకండి. ఆ లైనులో ఉన్న అడ్రసు ఆ పోస్టుదేనా, ఇంకోటా? అది చెప్పండి ముందు.

కీవర్డ్స్ మెటా ట్యాగ్ తీసేయొచ్చు. ర్యాంకింగ్‌కి దాన్ని వాడట్లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది, అయినా వీడియోల్లో ఇంకా బతికే ఉంది. డొమైన్ కొన్నంత మాత్రాన ర్యాంకు పెరగదు. రేపు బ్లాగర్ వదిలి ఇంకోచోటికి వెళ్లినా అడ్రసు మీదే ఉంటుంది, కొనడానికి అదొక్కటే మంచి కారణం.

రాత్రిపిట్ట

చూశానండీ. 'ఆల్టర్నేట్ పేజ్ విత్ ప్రాపర్ కెనానికల్ ట్యాగ్' అని ఒక వరస ఉంది, నా పోస్టులు దాదాపు అన్నీ దాని కిందే ఉన్నాయి. ప్రాపర్ అని రాసి ఉంటే ఎవరైనా అంతా బాగుందనే అనుకుంటారు కదా! సోర్సు చూస్తే ఏ పోస్టు తెరిచినా కెనానికల్ లైనులో నా హోమ్‌పేజీ అడ్రసే ఉంది.

పాతకాపు

దొరికింది. అంటే మీ టెంప్లేట్ ప్రతి పోస్టులోనూ గూగుల్‌కి 'ఇది కాపీ, అసలు పేజీ హోమ్‌పేజీ, దాన్నే చూపించు' అని చెప్తోంది. కెనానికల్ అనేది ఆజ్ఞ కాదు, సూచన, కాబట్టి గూగుల్ ఒక్కోసారి పట్టించుకోదు, ఒక్కోసారి నమ్మేస్తుంది. మీ విషయంలో నమ్మేసింది. ప్రాపర్ అంటే 'మీరు చెప్పినట్టే చేశాను' అని, 'మీరు చెప్పింది కరెక్టు' అని కాదు.

అదే వరసలో చివర ప్రశ్నార్థకం పెట్టి ఎమ్ ఈక్వల్స్ ఒకటి అని ఉన్న అడ్రసులు కూడా కనిపిస్తాయి చూడండి, అవి బ్లాగర్ మొబైల్ అడ్రసులు. అవి అక్కడ ఉండటం మామూలే, వాటిని వదిలేయండి. మామూలు పోస్టు అడ్రసులు అక్కడ ఉండటమే రోగం.

టెంప్లేట్‌ని ముందు బ్యాకప్ తీసుకుని, ఎడిట్ హెచ్‌టీఎంఎల్‌లోకి వెళ్లి ఆ కెనానికల్ లైను తీసేయండి. హెడ్ భాగంలో 'ఆల్-హెడ్-కంటెంట్' పేరుతో ఒక ఇన్‌క్లూడ్ లైను ఉందో లేదో చూడండి. ఏ పోస్టుకి ఆ పోస్టు అడ్రసు సరిగ్గా పెట్టేది అదే. దించుకున్న టెంప్లేట్లలో చాలావాటిలో దాన్ని పీకేసి సొంతంగా ఏదో రాస్తుంటారు. ఇదంతా తలనొప్పి అనిపిస్తే బ్లాగర్ సొంత టెంప్లేట్‌కి మారిపోండి, అందం కొంచెం తగ్గినా నష్టం లేదు. తర్వాత సెర్చ్ కన్సోల్‌లోని యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో ముఖ్యమైన పోస్టులు కొన్నిటికి రిక్వెస్ట్ ఇండెక్సింగ్ కొట్టండి. రోజుకి ఇన్నే అని పరిమితి ఉంటుంది, కాబట్టి అన్నీ కొట్టాలని కూర్చోకండి, మిగతావి గూగుల్ తనే చూసుకుంటుంది. కొన్ని వారాలు పట్టొచ్చు, రోజూ తెరిచి చూస్తూ టెన్షన్ పడకండి.

సౌమ్య_రాతలు

ఇండెక్స్ సంగతి పాతకాపు గారు తేల్చేశారు కాబట్టి నేను దాని తర్వాతది చెప్తాను. మీ బ్లాగు వెతికి చదివానండీ, రాత బాగుంది, శని గ్రహం గురించి రాసిన పోస్టయితే చాలా నచ్చింది. కానీ దాని టైటిల్ 'ఆ రాత్రి ఉంగరం తొడుక్కుంది'. ఎంత అందంగా ఉన్నా దీన్ని గూగుల్లో ఎవరు వెతుకుతారు చెప్పండి? మనిషి వెతికేది 'శని వలయాలు బైనాక్యులర్స్‌తో కనిపిస్తాయా' అని. మీ పోస్టులో దానికి జవాబు ఉంది: మామూలు బైనాక్యులర్స్‌తో వలయాలు విడిగా తెలియవు, చిన్న టెలిస్కోప్‌లో పాతిక రెట్లు పెంచి చూస్తే తెలుస్తాయి అని. కానీ అది ఆరో పేరాలో, అదీ ఇంకో విషయం మధ్యలో ఉంది. ఆ ప్రశ్నని టైటిల్ చేయండి, జవాబుని పైకి తెచ్చి రెండు వాక్యాల్లో చెప్పేయండి, మీ ఉంగరం వాక్యాన్ని దాని కింద మొదటి లైనుగా పెట్టుకోండి, చదివేవాళ్లకి అదీ దక్కుతుంది. సెర్చ్ డిస్క్రిప్షన్ కూడా రాయండి. దానివల్ల ర్యాంకు పెరగదు కానీ, రిజల్ట్ కింద ఆ రెండు లైన్లు కనిపిస్తే క్లిక్ చేయాలనిపిస్తుంది. గూగుల్‌కి నచ్చకపోతే దాన్ని పక్కనపెట్టి తనే ఏదో ముక్క తీసుకుంటుంది, అది మన చేతుల్లో లేదు.

ఇంకో సంగతి, మనవాళ్లు తెలుగు విషయాల్ని చాలాసార్లు ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసి వెతుకుతారు. అలాగని పోస్టు నిండా రెండు లిపులూ కలిపేస్తే చదవలేం. మీ పోస్టు అడ్రసులో మాత్రం ఇంగ్లీషు అక్షరాలు వాడండి. బ్లాగర్‌కి తెలుగు టైటిల్ ఇస్తే అడ్రసు చివర 'బ్లాగ్-పోస్ట్_17' అని ఏదో ఒక నంబరు తగిలించేస్తుంది, మీవన్నీ అలాగే ఉన్నాయి. పబ్లిష్ చేసే ముందు పక్కన పర్మాలింక్ దగ్గర కస్టమ్ అని ఉంటుంది, అక్కడ చిన్నగా, అర్థమయ్యేలా రాసుకోండి. పాతవాటిని మాత్రం మార్చకండి, అడ్రసులోని మాటలకి గూగుల్ దగ్గర ఉన్న విలువ చాలా తక్కువ, దానికోసం ఉన్న లింకుల్ని చెడగొట్టుకోవడం ఎందుకు. లింకు చూసిన మనిషికి అది దేని గురించో తెలియడానికే ఇదంతా.

వర్డ్‌ప్రెస్‌లో ఇంకో తంటా ఉంది. అది తెలుగు టైటిల్‌నే అడ్రసుగా పెట్టేస్తుంది, కాపీ చేసి ఎక్కడైనా అంటిస్తే పర్సెంటు గుర్తులతో బారెడు పొడవు వస్తుంది. ఒక్కో తెలుగు గుర్తు అందులో తొమ్మిది అక్షరాలు అవుతుంది, అడ్రసులో ఆ ముక్కకి హద్దు 200 అక్షరాలు, అంటే పాతిక గుర్తులు కూడా పట్టకముందే టైటిల్ మధ్యలో తెగిపోతుంది. అక్కడ కూడా చేత్తో రాసుకోవడమే దారి.

ర్యాంక్_రాజా

బ్రో ఇవన్నీ చేస్తూ కూర్చుంటే ముసలాడివైపోతావ్. బ్యాక్‌లింక్స్ (వేరే సైట్లు మనకిచ్చే లింకులు) లేకుండా ఏ సైటూ పైకి రాదు, ఇది ఓపెన్ సీక్రెట్. వెయ్యి లింకుల ప్యాకేజీ తీసుకో, నెలలో ఫస్ట్ పేజీ గ్యారంటీ. తెలిసినవాళ్లున్నారు, కావాలంటే చెప్పు.

పాతకాపు

ఫస్ట్ పేజీ గ్యారంటీ అన్న మాట వినిపిస్తే చాలు, అక్కడినుంచి లేచి వచ్చేయొచ్చు. మొదటి ర్యాంకుకి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ తన సొంత సలహాల్లోనే రాసి పెట్టింది. లింకులకి విలువ లేదని నేను అనను, గూగుల్ మొదలైందే ఒక పేజీకి ఎవరెవరు లింకు ఇచ్చారనే లెక్క మీద. కానీ ఆ వెయ్యి లింకులు ఎక్కడినుంచి వస్తాయి? ఎవరూ చదవని కామెంట్లలోంచి, ఒకే మనిషి నడిపే యాభై ఉత్తుత్తి సైట్లలోంచి. ఇలాంటివాటి కోసమే 2012లో గూగుల్ ర్యాంకింగ్ పద్ధతిలో పెంగ్విన్ అనే అప్‌డేట్ వచ్చింది, లింకులు కొనుక్కున్న సైట్లు చాలా కిందపడ్డాయి. ఇప్పుడైతే చాలావరకు ఆ లింకుల్ని లెక్కలోంచి తీసేస్తుంది, అంటే మీ డబ్బు గాల్లో కలుస్తుంది, శ్రుతి మించితే మాన్యువల్ యాక్షన్ (గూగుల్ మనుషులే చూసి వేసే శిక్ష) కూడా పడొచ్చు. ఏఐతో రోజుకి వంద పోస్టులు దింపించే స్కీములు కూడా ఇదే కోవలోవి, 2024 మార్చిలో వాటినీ స్పామ్ లెక్కలోకి చేర్చారు.

తోకచుక్క

నాకు ఈ చర్చ మొత్తంలో ఒకటి నచ్చట్లేదు, అందరూ గూగుల్ ఒక్కటే లోకం అన్నట్టు మాట్లాడుతున్నారు. 'చంద్రుడికి భూమికి దూరం ఎంత' లాంటి ప్రశ్నకి ఇప్పుడు జవాబు రిజల్ట్స్ పేజీలోనే వచ్చేస్తుంది, ఏఐ ఓవర్‌వ్యూ (రిజల్ట్స్ పైన ఏఐ రాసిచ్చే జవాబు) వచ్చాక ఇంకా ఎక్కువైంది, అలాంటివి రాస్తే మొదటి ర్యాంకు వచ్చినా క్లిక్ రాదు. మీరు స్వయంగా చూసి రాసినవి వేరు. టెలిస్కోప్‌కి ఏ కంటిముక్క (ఐపీస్) పెడితే ఏం కనిపించింది, మబ్బు పట్టినప్పుడు ఏం చేశారు, ఫోన్‌ని టెలిస్కోప్‌కి ఎలా బిగించారు, ఇవి ఎవరూ రెండు లైన్లలో కుదించలేరు. నేనైతే టైటిల్స్ కన్నా ముందు ఏ పోస్టులు రాయాలన్నది మార్చమంటాను.

ప్రమోషన్ అంటే లింకు పడేసి పారిపోవడం కాదు. ఆకాశం చూసేవాళ్ల గ్రూపుల్లో ఎవరైనా 'మొదటి టెలిస్కోప్ ఏది తీసుకోవాలి' అని అడిగితే అక్కడే పూర్తిగా జవాబు రాయండి, చివర్లో వివరంగా ఇక్కడ రాశాను అని ఒక్క లింకు ఇవ్వండి. సోషల్ మీడియా లింకులు దాదాపు అన్నీ నోఫాలో (ర్యాంకుకి లెక్కించొద్దని గుర్తు పెట్టినవి), వాటివల్ల ర్యాంకు రాదు, కానీ అలా వచ్చినవాళ్లలో ఒకరికి సొంత సైటు ఉంటే వాళ్లు ఇచ్చే లింకు నిజమైనది. ఈమెయిల్‌లో చందాదారులుగా చేరే పెట్టె కూడా ఒకటి పెట్టండి. బ్లాగుల కొత్త పోస్టుల్ని (ఫీడ్లని) ఒకేచోట చదివించే గూగుల్ రీడర్‌ని 2013లో మూసేసినప్పుడు వాటి మీదే ఆధారపడ్డ బ్లాగులు ఎంతమంది పాఠకుల్ని పోగొట్టుకున్నాయో అప్పట్లో రాసినవాళ్లకి తెలుసు. మెయిల్ లిస్టు మీ చేతుల్లో ఉంటుంది.

మీ విషయానికి ఇంకొకటి బాగా పనికొస్తుంది. పర్సీడ్ ఉల్కాపాతం ఏటా ఆగస్టు 12, 13 ప్రాంతంలోనే జోరుగా ఉంటుంది, జెమినిడ్స్ డిసెంబరు మధ్యలో. మీరు ఏటా కొత్త పోస్టు రాస్తే పాతదీ కొత్తదీ ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. ఒక్కటే పేజీ పెట్టి, ఏటా ఒక నెల ముందే, ఈసారి వెన్నెల అడ్డొస్తుందా లేదా అన్నది మార్చి రాయండి. బ్లాగర్లో పోస్టు అడ్రసులో సంవత్సరం, నెల వచ్చేస్తాయి కాబట్టి దీన్ని పోస్టుగా కాకుండా పేజీగా పెట్టుకోండి, దాని అడ్రసులో తేదీ ఉండదు. పేజీలకి సైట్‌మ్యాప్ వేరేగా ఉంటుంది, అదీ సెర్చ్ కన్సోల్‌లో ఇవ్వండి. లోపల ఏమీ మార్చకుండా తేదీ ఒక్కటే మార్చే తెలివితేటలు మాత్రం వద్దు.

రాత్రిపిట్ట

అందరికీ థ్యాంక్స్ అండీ. టెంప్లేట్ మార్చేశాను, ఇప్పుడు సోర్సులో ఏ పోస్టుకి ఆ పోస్టు అడ్రసే వస్తోంది. రాజా గారూ, ప్యాకేజీ వద్దులెండి. తోకచుక్క గారూ, ఉల్కాపాతం సలహా ఇవాళే మొదలుపెడతా. సౌమ్య గారూ, ఉంగరం పోస్టు టైటిల్ మార్చడానికి మనసొప్పట్లేదు కానీ మారుస్తా. చివరి ప్రశ్న, ఫొటోలు కెమెరాలోంచి తీసినవి తీసినట్టే ఎక్కిస్తున్నాను, ఒక్కోటి ఐదారు ఎంబీ ఉంటుంది. అదేమైనా ఇబ్బందా?

సౌమ్య_రాతలు

ఇబ్బందే, ముఖ్యంగా ఫోన్లో చదివేవాళ్లకి. పేజీలో పెద్దగా కనిపించేది రెండున్నర సెకన్లలోపు రావాలని గూగుల్ లెక్క, మీ పేజీలో ఆ పెద్దది చంద్రుడి ఫొటోనే. వెడల్పు 1600 పిక్సెల్స్‌కి తగ్గించి, కొంచెం కంప్రెస్ చేసి ఎక్కించండి, క్రేటర్లు చక్కగానే కనిపిస్తాయి. పూర్తి సైజు కావాలన్నవాళ్లకి విడిగా లింకు ఇవ్వండి. ఆల్ట్ టెక్స్ట్‌లో (ఫొటోకి ఇచ్చే వివరణ మాట) 'ఫొటో 1' అని కాకుండా 'ఫోన్‌తో తీసిన అర్ధచంద్రుడు' అని ఉన్నదున్నట్టు రాయండి, ఇమేజ్ సెర్చ్‌కీ, చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్లకీ అదే ఆధారం. లేజీ లోడింగ్ (కిందికి జరిపినప్పుడే ఫొటో తెరుచుకోవడం) పెడితే కింద ఉన్న ఫొటోలకే పెట్టండి, మొట్టమొదటి ఫొటోకి వద్దు, పెడితే అదే ఆలస్యంగా వస్తుంది.