కంపోస్టు బకెట్టులో పులిసిన వాసన, పురుగులు: ఏం చేయాలి?

విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాటులో ఉంటున్న నేను, రెండు నెలలుగా అడుగున రంధ్రాలు చేసిన 20 లీటర్ల బకెట్టులో కూరగాయల తొక్కలు, వాడిన టీపొడి, పూజ పూలు వేస్తూ, పైన గుప్పెడు కొబ్బరి పొట్టు చల్లుతున్నాను. మొదట్లో అంతా సవ్యంగానే సాగింది. వానలు మొదలైనప్పటి నుంచి మాత్రం మూత తీయగానే పులిసిన గంజి వాసన వస్తోంది. గుప్పిట పట్టి పిండితే వేళ్ల సందుల్లోంచి నీరు కారుతోంది, అంచుల వెంట బూడిద రంగు లావుపాటి పురుగులు పాకుతున్నాయి. తడి ఎక్కువై గాలి ఆడకపోవడమే కారణమని నా అనుమానం. మిగిలిన అన్నం పారేయడానికి మనసొప్పక రెండుసార్లు ఇందులోనే వేసిన మాటా వాస్తవమే. ఎండుటాకులు దొరకని ఈ కాలంలో చింపిన దినపత్రికలు గానీ, రంపపు పొట్టు గానీ ఏ పాళ్లలో కలపాలి? ఆ పురుగులను ఏరివేయాలా, ఉండనివ్వవచ్చా? అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.