అప్‌డేట్: స్ప్రింగ్ త్రాసు రీడింగ్ కదలగానే పడిపోవడం – కారణం తెలిసింది

జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్. కొత్తగా చూసేవాళ్లకి: మా పాప తొమ్మిదో తరగతి ప్రాజెక్టులో చెక్క దిమ్మను స్ప్రింగ్ త్రాసుతో బల్ల మీద లాగితే, కదిలే ముందు 2 న్యూటన్లు, కదిలాక 1.5 చూపిస్తోంది. త్రాసు పాడైందా అని అడిగాను.

పాడవలేదు. తిరుపతిలో మాకు తెలిసిన ఫిజిక్స్ సారు అరకిలో తూకం రాయి తగిలించి చూశారు, సరిగ్గా 4.9 న్యూటన్లు చూపించింది. ఇక్కడ చాలామంది చెప్పినట్టు, వస్తువు కదలబోయే క్షణంలోని స్థైతిక ఘర్షణ జారుడు ఘర్షణ కంటే ఎక్కువ. అలిపిరి దగ్గర ఆగిపోయిన ఆటోను తోసినవాళ్లకి ఇలాంటిది కొత్తగా చెప్పక్కర్లేదు!

కదిలాక కూడా ముల్లు ఊగడం మాత్రం వేరే సంగతి. వేగం మారకుండా లాగితేనే రీడింగు ఘర్షణకు సమానం. చేత్తో అది కుదరడం కష్టం, పాప చెయ్యి కుదుపుతోంది. త్రాసును కదలకుండా పట్టుకుని, దిమ్మ కింద పొడవాటి చెక్క పలకను లాగమన్న సలహా బ్రహ్మాండంగా పనిచేసింది. పలక వేగం కాస్త అటూఇటూ అయినా ముల్లు దాదాపు ఒకేచోట నిలిచింది.

దిమ్మను సన్నవైపు నిలబెట్టమన్నారు కొందరు. బరువు మారదు కాబట్టి రీడింగులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దారం మాత్రం బల్లకు సమాంతరంగా ఉంచండి.