జాతీయ రహదారి మీద ప్రమాదం, తమ్ముడి మీద 106 కేసు: ఇప్పుడు ఏం చేయాలి?

ప్రశ్న – టంగుటూరు సభ్యుడు

అందరికీ నమస్కారం. మాది టంగుటూరు పక్కన పల్లె. తమ్ముడు చెన్నైలో ఉద్యోగం చేస్తాడు. పోయిన వారం రాత్రి సొంత కారులో ఇంటికి వస్తుంటే, సింగరాయకొండ దాటాక ఎడమవైపు పక్కదారి నుంచి ఒక మోటారు సైకిలు హైవే ఎక్కి, డివైడరు తెరిచి ఉన్న చోటికి అడ్డంగా వెళ్లబోయింది. తమ్ముడు బ్రేకు తొక్కినా కారు ఆగలేదు. బండి మీద ఉన్న పెద్దాయన ఒంగోలు ఆసుపత్రిలో చనిపోయారు. తమ్ముడు పారిపోలేదు, 108కి ఫోను చేసింది కూడా తనే. తాగే అలవాటు లేదు. పోలీసులు మొదట గాయాల సెక్షన్లతో కేసు కట్టి, మరణం తరువాత బి.ఎన్.ఎస్. (భారతీయ న్యాయ సంహిత, ఐ.పి.సి. స్థానంలో వచ్చిన కొత్త శిక్షా చట్టం) 106(1)గా, అంటే నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన నేరంగా మార్చారు. నోటీసు ఇచ్చి ఇంటికి పంపారు. కారు స్టేషన్లోనే ఉంది.

ఊళ్లో తలా ఒక మాట. పదేళ్లు జైలని ఒకరు. మా ట్రాక్టరు డ్రైవరును ముందుకు పెట్టమని ఒకరు. కోర్టులో తప్పు ఒప్పుకుంటే జరిమానాతో పోతుందని మరొకరు. అమ్మ సరిగా అన్నం తినడం లేదు. తెలిసినవారు దారి చెప్పగలరు.

జవాబు – ఒంగోలు న్యాయవాది

ముందు అమ్మగారికి ధైర్యం చెప్పండి. 106(1) బెయిలు హక్కుగా దొరికే నేరం. ఒకవేళ అరెస్టు చేసినా పూచీకత్తు ఇస్తే విడిచిపెట్టాల్సిందే. గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అవసరం లేకుండా అరెస్టు చేయవద్దని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. మీకు ఇచ్చిన నోటీసు బి.ఎన్.ఎస్.ఎస్. (క్రిమినల్ కేసులు నడిపే విధానం చెప్పే కొత్త చట్టం) 35(3) కింద ఇచ్చినదై ఉంటుంది. పాత చట్టంలో దాన్నే 41ఎ అనేవాళ్లం. అందులో రమ్మన్న రోజున తప్పకుండా వెళ్లాలి. ఎగ్గొడితే అదే అరెస్టుకు కారణమవుతుంది.

పదేళ్ల మాట 106(2) నుంచి వచ్చింది. ప్రమాదం చేసి, పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోయినవారి కోసం రాసిన నిబంధన అది. 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మె చేసింది దాని మీదే. ఆ ఏడాది జూలై 1న కొత్త చట్టం అమలులోకి వచ్చినప్పుడు కేంద్రం ఆ ఒక్క ఉపసెక్షన్‌ను ఆపి ఉంచింది. అయినా పారిపోని మీ తమ్ముడికి దానితో సంబంధం లేదు.

నిజంగా భయపడవలసింది 105 సెక్షన్‌కు. అది హత్య కిందికి రాని నరహత్య. బెయిలు హక్కుగా రాదు, విచారణ సెషన్స్ కోర్టులో జరుగుతుంది. తాగి నడిపి ప్రాణాలు తీసిన కేసుల్లో దీన్ని పెడతారు. పాత చట్టం కింద అలాంటి శిక్షను 2012లో అలిస్టర్ పెరేరా కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అందుకే ఒక ప్రశ్న: ఆ రాత్రి శ్వాస పరీక్ష గాని రక్త పరీక్ష గాని చేశారా? చేసి ఉంటే ఆ కాగితమే మీకు రక్ష. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితేనే మోటారు వాహనాల చట్టం 185 కింద నేరం.

ట్రాక్టరు డ్రైవరును పెట్టమన్న పెద్దమనిషిని గడప తొక్కనివ్వకండి. 108కి వెళ్లిన ఫోను మీ తమ్ముడిది, టోలు గేటు కెమెరాలో కనపడేదీ మీ తమ్ముడే. ఆ అబద్ధం నిలవదు. పైగా నేరస్తుణ్ణి కాపాడటానికి తప్పుడు సమాచారం ఇచ్చినందుకు బి.ఎన్.ఎస్. 238 సెక్షన్ కింద ఇంకో కేసు పడుతుంది. ఇప్పుడున్నది గెలవగలిగిన కేసు. అబద్ధం కలిపితే అదీ పోతుంది.

జరిమానాతో పోతుందన్నది పాత కాలపు సలహా. పాత ఐ.పి.సి.లో ఇదే నేరానికి ఉన్న 304ఎ లో రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ అని ఉండేది. 106(1)లో ఆ ‘లేదా’ లేదు. జైలుశిక్ష, దానికి తోడు జరిమానా. కోర్టు ఆవరణలో చెట్టు కింద నిలబడి ఇలాంటి సలహాలు ఇచ్చేవారికి చట్టం మారిన సంగతి ఇంకా చేరినట్టు లేదు.

జవాబు – విశ్రాంత హెడ్ కానిస్టేబుల్, కావలి

వకీలుగారు చెప్పింది సరే. కారు గురించి నేను చెబుతాను. బ్రేక్ ఇన్‌స్పెక్టరు (వాహనాన్ని తనిఖీ చేసే రవాణా శాఖ అధికారి) వచ్చి చూశాక స్టేషన్లో కారును ఎండకూ వానకూ పెట్టుకోవలసిన పని లేదు. ఆ లాంఛనాలు పూర్తయిన 24 గంటల్లో తిరిగి ఇవ్వాలని మోటారు వాహనాల చట్టం 136లోనే ఉంది. ఆర్.సి., బీమా, లైసెన్సు నకళ్లు పెట్టి ఎస్.ఐ. గారికి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. ఇవ్వకపోతే మేజిస్ట్రేటు కోర్టులో పిటిషన్ వేస్తే ఫోటోలు తీసుకుని, బాండు రాయించుకుని ఇస్తారు. పట్టుబడిన వాహనాలను స్టేషన్లలో తుప్పు పట్టనివ్వవద్దని 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కారు చేతికి వచ్చినా వెంటనే షెడ్డుకు పంపవద్దు. ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసి పెట్టుకోండి.

ఇంకో మాట. విచారణలో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదు, చట్టమే వద్దంది. నోటీసు అందినట్టు, బాండు మీద, స్వాధీన పంచనామా మీద సంతకాలు వేరు. వాటి మీద కూడా చదివాకే పెట్టాలి. ఖాళీ కాగితం అయితే ఎవరు అడిగినా వద్దు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు సార్. రాత్రి ఆసుపత్రిలో రక్తం తీశారట, ఫలితం రావాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు తీసుకున్నాం. అందులో ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి’ అని రాశారు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు రిపోర్టులో వాహనంలో యాంత్రిక లోపం వల్ల ప్రమాదం జరగలేదని ఉందట. అంటే తప్పు డ్రైవరుదేనని తేలిపోయినట్టేనా?

జవాబు – ఒంగోలు న్యాయవాది

కాదు. ఆ రిపోర్టు చెప్పేది బ్రేకులు, స్టీరింగు బాగున్నాయనే. ఎవరి తప్పో చెప్పే పని దానిది కాదు. కానీ అదే రిపోర్టులో రెండు వాహనాలకు ఎక్కడెక్కడ దెబ్బ తగిలిందో రాసి ఉంటుంది. మీ కేసుకు ప్రాణం అక్కడ ఉంది. మీరు చెప్పిన తీరులో జరిగి ఉంటే కారుకు ముందు ఎడమ మూల నలిగి ఉండాలి, మోటారు సైకిలుకు కుడి పక్క దెబ్బ ఉండాలి. వెనక నుంచి గుద్దితే సైలెన్సరు, వెనక మడ్‌గార్డు వంగుతాయి. ఆ రెండు లైన్లు చదివి చూడండి.

తరువాత చూడవలసింది సంఘటన స్థలం రఫ్ స్కెచ్. అద్దం ముక్కలు ఏ లేన్‌లో పడ్డాయి, టైర్ల బ్రేకు చారలు ఎంత దూరం ఉన్నాయి, ఎక్కడ మొదలయ్యాయి, పక్కదారి, డివైడరు ఖాళీ అందులో గీశారా లేదా. చాలా స్కెచ్‌లలో రెండు గీతలు, మధ్యలో ఒక ఇంటూ గుర్తు తప్ప ఏమీ ఉండవు. పక్కదారి వదిలేసి ఉంటే మీరే ఈ వారంలో వెళ్లి పగలు, రాత్రి రెండు పూటలా ఫోటోలు తీయండి. వీధి దీపం ఉందా, హెచ్చరిక బోర్డు ఉందా, పక్కదారి నుంచి వచ్చేవాడిని పొదలు కప్పేస్తున్నాయా చూడండి. రేపు రోడ్డు వాళ్లు ఆ ఖాళీని మూసేస్తే కోర్టుకు చూపించడానికి ఏమీ మిగలదు.

‘అతివేగం’ గురించి: ఆ ఒక్క మాటతో శిక్ష వేయలేమని 1998లో కర్ణాటక ప్రభుత్వం, సతీశ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎంత వేగమో, ఆ చోట అది ఎందుకు నిర్లక్ష్యమో ప్రాసిక్యూషన్ నిరూపించాలి. ప్రమాదం జరిగింది కాబట్టి నిర్లక్ష్యం ఉన్నట్టే అంటే క్రిమినల్ కోర్టులో చెల్లదు. ఆ నిర్లక్ష్యమే మరణానికి నేరుగా కారణమై ఉండాలని 1965 నాటి రంగ్‌వాలా తీర్పు నుంచీ ఉన్నదే. సాక్షుల సంగతీ అంతే. చార్జిషీటులో ప్రత్యక్ష సాక్షులుగా రాసినవారిలో కొందరు మన లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగితే ‘పెద్ద శబ్దం వినపడితే వచ్చాను’ అంటారు. వాళ్లు చూసింది ప్రమాదం తరువాతి దృశ్యం.

ఇక కెమెరాలు. హైవే పక్క దాబా, పెట్రోలు బంకు కెమెరాల్లో పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కిపోతాయి. వాటిని భద్రపరచమని ఈ రోజే ఎస్.ఐ. గారికి రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మీ అంతట మీరు తెచ్చుకున్న దృశ్యం కోర్టులో నిలవాలంటే కొత్త సాక్ష్య చట్టం 63 కింద ధ్రువపత్రం కావాలి. ముసునూరు టోలు గేటు నుంచి ప్రమాదం జరిగిన చోటికి ఉన్న దూరాన్ని, గేటు దాటిన సమయానికీ 108కి ఫోను వెళ్లిన సమయానికీ మధ్య గడిచిన కాలంతో భాగిస్తే సగటు వేగం సుమారుగా తెలుస్తుంది. అది మనకు అనుకూలమో కాదో ముందు మీ లాయరే చూసుకోవాలి. తొందరపడి పోలీసుల చేతిలో పెట్టవద్దు.

చార్జిషీటు, దాని పత్రాలు అందాక 60 రోజుల్లోపు డిశ్చార్జి పిటిషన్ (విచారణ మొదలు కాకముందే కేసు నుంచి తప్పించమని అడిగేది) వేసే అవకాశం బి.ఎన్.ఎస్.ఎస్. 262 సెక్షన్‌లో, వారంటు కేసులకు ఉంది. పాత 304ఎ చిన్న శిక్షలకు పెట్టే సమన్సు కేసు, ఇప్పుడు శిక్ష ఐదేళ్లు కావడంతో ఇది పెద్ద శిక్షలకు పెట్టే వారంటు కేసయింది. పెద్ద శిక్షతో పాటు వచ్చిన చిన్న మేలు ఇది. ఆ గడువు జారిపోనివ్వకండి.

వ్యాఖ్య – కందుకూరు సభ్యురాలు

అన్నీ చదివాను. మా నాన్నగారు కూడా హైవే దాటుతూనే పోయారు. ఇక్కడ కారు ఎలా తెచ్చుకోవాలి, కేసు ఎలా కొట్టేయించుకోవాలి అనే మాటలే ఉన్నాయి. ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోందో లేదో ఒక్కరైనా అడిగారా?

జవాబు – ఒంగోలు న్యాయవాది

అమ్మా, మీరు అడగడం న్యాయం. ఆ కుటుంబానికి రావలసింది క్రిమినల్ కేసుతో ముడిపడి లేదు. కారుకు థర్డ్ పార్టీ బీమా ఉంటే పరిహారం బీమా సంస్థ కట్టాలి. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో వేయాలి. ఎవరి తప్పన్న వాదన లేకుండా 164 కింద అయితే మరణానికి ఐదు లక్షలు. ఇతని తమ్ముడు నిర్దోషిగా బయటపడినా ట్రిబ్యునల్ సాక్ష్యాన్ని తనంతట తాను తూకం వేస్తుంది, అక్కడ అంత కఠినమైన రుజువు అక్కర్లేదు. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, ఫోను 15100. ఈ సంగతి ఆ ఇంటికి చేరవేయమని ఇతనికే చెబుతున్నాను. బీమా ఉన్నంతవరకు అందులో ఇతనికి పోయేది లేదు.

జవాబు – బీమా సర్వేయరు, నెల్లూరు

కారు యజమానికి ఒక మాట: ప్రమాదం గురించి బీమా సంస్థకు ఇంకా రాయలేదంటే ఈ రోజే రాయండి. మోటారు వాహనాల చట్టం 134 సెక్షన్ కింద అది డ్రైవరు బాధ్యత కూడా. తప్పు మాదేనని, పరిహారం మేమే ఇస్తామని సంస్థ అనుమతి లేకుండా ఎవరికీ రాసివ్వకండి. పాలసీ షరతుల్లో అది ఉంటుంది. లైసెన్సు గడువు తీరిందేమో చూసుకోండి. తీరిపోయి ఉంటే నిర్లక్ష్యం రుజువైనట్టు కాదు గాని, సంస్థ కట్టిన డబ్బు తరువాత మీ దగ్గర వసూలు చేసే ప్రమాదం ఉంది.

ప్రశ్న అడిగినవారు

లైసెన్సు, బీమా రెండూ సరిగానే ఉన్నాయి. అక్కా, మీ మాట నిజమే. మేము పరామర్శకు వెళ్లాలనే అనుకున్నాం, భయపడి ఆగాం. పెద్దలు మాత్రం డబ్బిచ్చి రాజీ రాయించుకుంటే కేసు పోతుందంటున్నారు. తమ్ముడిని కంపెనీ వాళ్లు సింగపూరు పంపాలనుకుంటున్నారు, పాస్‌పోర్టుకు ఇబ్బందా?

జవాబు – ఒంగోలు న్యాయవాది

రాజీతో పోదు. 106 రాజీకి వీలున్న నేరాల జాబితాలో లేదు. రాజీ చూపి బి.ఎన్.ఎస్.ఎస్. 528 కింద హైకోర్టును కేసు కొట్టేయమని అడగవచ్చు, కాని మరణం ఉన్న కేసుల్లో ఒప్పుకోని తీర్పులు ఉన్నాయి. పరామర్శకు ఊరి పెద్ద ఒకరిని వెంట తీసుకుని వెళ్లండి. అంత్యక్రియల ఖర్చుకు ఏమైనా ఇస్తే మానవత్వంతో ఇచ్చినట్టు రసీదు రాయించండి. అందులో తప్పు గురించి గాని, కేసు గురించి గాని, సాక్ష్యం గురించి గాని ఒక్క అక్షరం ఉండకూడదు. సాక్షుల ఇళ్లకు మాత్రం వెళ్లకండి.

పాస్‌పోర్టు ఇప్పటికే ఉంటే ఉన్నట్టే ఉంటుంది. కోర్టు కేసును విచారణకు తీసుకున్నాక కొత్తది గాని, రెన్యువల్ గాని కావాలంటే ఆ కోర్టు అనుమతి పత్రం అడుగుతారు. బెయిలు బాండులో దేశం విడవకూడదనే షరతు ఉందేమో చూడండి. ఏదీ దాచకుండా దరఖాస్తులో కేసు వివరం రాయమనండి.

ప్రశ్న అడిగినవారు

రేపు పొద్దున్నే బంకుకు, దాబాకు వెళ్లి కెమెరాల సంగతి అడుగుతాను సార్. అర్జీ నమూనా ఏమైనా ఉందా?

జవాబు – ఒంగోలు న్యాయవాది

నమూనా అక్కర్లేదు. ఎఫ్.ఐ.ఆర్. నంబరు, తేదీ, ప్రమాదం జరిగిన సమయం, కెమెరా ఉన్న చోటు రాసి, ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు దృశ్యాలు భద్రపరచి కేసు డైరీలో చేర్చమని కోరండి. రెండు ప్రతులు తీసుకువెళ్లండి. ఒకటి స్టేషన్లో ఇచ్చి, రెండో దాని మీద ముద్ర వేయించుకోండి. ముద్ర వేయనంటే అదే అర్జీని రిజిస్టర్డ్ పోస్టులో ఎస్.ఐ. గారికి, ఒక నకలు డి.ఎస్.పి. గారికి పంపి రసీదు దాచండి.